ఊపిరి ఫోటోలు

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. గని చచ్చిపోతోంది కాబట్టి కంపెనీవాళ్ళు దాని మీద పుస్తకం వేయించే పనిలో పడ్డారు. నూరేళ్ళు తవ్విన కొండలో తగరం అయిపోయింది. ఇంకో మూడు నెలల్లో గేటుకు తాళం పడుతుంది. ఈలోగా ఒక పెద్ద సభ, ఆ సభలో గని చరిత్ర విడుదల. రాయడానికి పట్నం నుంచి ఒకాయన్ని పిలిపించారు. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు, నోట్లో నాలుక లేని మనిషి. రెండు నెలలుగా కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఉండి పాత ఫైళ్ళు తిరగేస్తున్నాడు. ఆస్పత్రి గురించి తాను రాసిన భాగం ఒకసారి విని, తప్పులుంటే చెప్పమని ఫోటో అత్త ఇంటికి వచ్చాడు.

ఫోటో అత్త ఆ ఆస్పత్రిలో ముప్ఫై రెండేళ్ళు ఎక్స్‌రేలు తీసింది. ఎక్స్‌రే అనే మాటకు నోరు తిరగని రోజుల్లో జనం దాన్ని ఊపిరి ఫోటో అనేవారు. అవి తీసే పిల్ల మొదట ఫోటో అమ్మాయి, ఆ తర్వాత ఫోటో అక్క, ఇప్పుడు అరవై ఎనిమిదో ఏట ఫోటో అత్త. సొంత పేరు రేషన్ కార్డులో ఉంది, అక్కడే ఉండిపోయింది. మొగుడు గనిలో డ్రిల్లు పట్టేవాడు, ముప్ఫై ఆరో ఏట పోయాడు. ఒక్కడే కొడుకు. అదే గనిలో పెద్ద టిప్పరు నడుపుతాడు. కొడుకు, కోడలు, ఆవిడ, ముగ్గురూ కంపెనీ క్వార్టర్‌లో ఉంటారు. రెండు గదులు, పైన రేకు. ఏడాదిలో ఏడు నెలలు వాన కురిసే చోటు అది. వాన పడుతుంటే రేకు కింద మనిషి మాట మనిషికి వినబడదు.

ఆ రోజు వాన తెరిపిచ్చింది. అత్త ఆరిన బట్టలు మడత పెడుతుంటే ఆయన బెంచీ చివర కూర్చుని చదివాడు. ఈ మారుమూల అడవి ప్రాంతాన్ని పట్టి పీడించిన క్షయ మహమ్మారి మీద కంపెనీ ఆస్పత్రి అరవై ఏళ్ళు అలుపెరగని యుద్ధం చేసిందట. కార్మికుల అపరిశుభ్రమైన అలవాట్లూ, ఇరుకిళ్ళలో గుంపుగా బతకడమూ ఆ జబ్బుకు కారణాలట. అయినా డాక్టర్లు వెనకడుగు వేయలేదట.

ఆవిడ చేతిలో చొక్కా సగం మడతలో ఆగింది.

"ఇంకోసారి చదువు బాబూ."

ఆయన మెచ్చుకుంటోందనుకుని ఇంకాస్త గొంతు పెంచి చదివాడు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ ఇరుకిళ్ళు కట్టిందెవరని అడిగింది. ఆరుగురుండే కొంపకు ఒక కిటికీ పెట్టిందెవరంది. నలభై ఇళ్ళకు ఒక పంపు వేసి, అపరిశుభ్రమైన అలవాట్లని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందంది. ఆయన కంగారుపడి, ఇవి తన మాటలు కావనీ, ఆస్పత్రి వార్షిక నివేదికల్లో ఉన్నవే తీసుకున్నాననీ చెప్పాడు.

అయితే అసలు సంగతి విను, అని ఆవిడ మొదలుపెట్టింది. వాళ్ళ నాయనమ్మ కాలానికి ఇక్కడ గని లేదు. ఏటి ఇసుకను చెక్క పళ్ళెంలో కడిగి నల్లటి తగరపు గింజలు ఏరుకునేవాళ్ళు. ఏరిందాన్ని పడవలవాళ్ళకిచ్చి ఉప్పూ బట్టా తెచ్చుకునేవాళ్ళు. ఆ గింజలు ఏ కొండ నుంచి కొట్టుకొస్తున్నాయో పిల్లకాయలక్కూడా తెలుసు. కంపెనీ ఇంజినీరు వచ్చి, నాయనమ్మ అన్నగారిని వెంటబెట్టుకుని, ఆయన చూపించిన దారినే కొండెక్కి, తాను కనిపెట్టానని కాగితం మీద రాసుకున్నాడు. ఆ మర్నాటి నుంచి ఏట్లో పళ్ళెం ముంచినవాడు దొంగ. దొంగకు శిక్షగా గనిలో కూలి. రోడ్డు లేని రోజుల్లో యంత్రాల ముక్కలన్నీ మనుషుల నెత్తిన పెట్టుకునే కొండెక్కించారు. మొదటి తరం ఉలీ సుత్తితో తవ్వారు. వాళ్ళు చేతులు విరగ్గొట్టుకున్నా అరవై దాకా బతికారు. తర్వాత గాలి డ్రిల్లు వచ్చింది. అక్కణ్ణించీ మగాళ్ళు నలభై దాటలేదు.

"కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మా కొండను తవ్వినవాళ్ళు ఎలుకనూ వదల్లేదు, మనిషినీ వదల్లేదు," అంది.

తగరం ఉండేది తెల్లరాతి పొరల్లో. పొడి డ్రిల్లు దానిలో దిగితే పిండిమరలో లేచినట్టు తెల్ల దుమ్ము లేస్తుంది. పీల్చినవాడి ఊపిరితిత్తి లోపలే గట్టిపడిపోతుంది. డ్రిల్లుకు నీళ్ళ గొట్టం బిగిస్తే దుమ్ము లేవదు. పని మాత్రం కాస్త నెమ్మదిస్తుంది. గొట్టాలు ఒక ఏడాది తెప్పించారు, ఏడు వారాలు వాడారు, మళ్ళీ స్టోరులో పడేశారు. ఎందుకని అడిగితే నీళ్ళు చాలడం లేదన్నారు. ఏడు నెలలు వాన పడే ఊళ్ళో, ఇంటి గోడలకు పాచి పట్టే ఊళ్ళో, డ్రిల్లుకు నీళ్ళు లేవన్నారు. అది క్షయ కాదు బాబూ, దుమ్ము, అంది ఆవిడ.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేను నమ్ముతానమ్మా. కానీ రికార్డులో లేదండీ. ఒక్క కాగితం మీదా లేదు. ఎక్కడ చూసినా క్షయ అనే ఉంది."

ఎందుకుంటుంది? రాసింది ఎవరో ఆవిడకు తెలుసు. ఆ మాట మాత్రం ఆయనకు చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. కాగితం మీద లేకపోతే ఫిల్ముల మీద ఉంది, రేపు చూపిస్తానని మాత్రం అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. ఎక్స్‌రే గది వెనక కిటికీల్లేని పొడుగాటి గది ఒకటుంది. నేల నుంచి కప్పు దాకా ఇనుప అరలు, అరల నిండా గోధుమరంగు కవర్లు. ఒక్కో కవరులో ఒక్కో మనిషి రొమ్ము. ముప్ఫై రెండేళ్ళు వాటిని నంబర్ల వారీగా సర్దింది ఆవిడే. ఏ అరలో ఎవరున్నారో చీకట్లోనైనా చెప్పగలదు.

తలుపు బార్లా తీసి ఉంది. ఇద్దరు కూలీలు కవర్లు చింపి పారేసి, లోపలి ఫిల్ములు గోనెసంచుల్లో కుక్కుతున్నారు. గుమ్మం పక్కన కాటా. అప్పటికే ఇరవైకి పైగా సంచులు గోడకు ఆనించి ఉన్నాయి. ఇవెక్కడికని అడిగితే ఒక కూలీ, పట్నంలో ఫ్యాక్టరీకి, మందులో నానబెడితే ఫిల్ము మీద వెండి ఊడి వస్తుందని చెప్పాడు. ఆ తర్వాత మిగిలేది ఉత్త ప్లాస్టిక్కేనట.

ఆవిడ అరలు పట్టుకుని నడిచి, ఒక చోట ఆగి, ఒక కవరు లాగింది. మొగుడిది. ఫిల్ము తీసి గుమ్మం వెలుతురుకు ఎత్తి పట్టింది. పై భాగమంతా రెండు వైపులా ఆవాలు చల్లినట్టు తెల్ల చుక్కలు. క్షయ అలా ఉండదు. అది ఒక మూల మబ్బు పట్టినట్టుంటుంది, మధ్యలో కన్నం పడుతుంది. చరిత్ర రాసే ఆయనకు వేలితో చూపించింది. ఆయన చూశాడు. ఆ తర్వాత కవరు మీదికి చూశాడు. తెల్ల సిరాతో ముత్యాల్లాంటి అక్షరాల్లో 'క్షయ' అని ఉంది.

ఈలోగా సూపరింటెండెంటు వచ్చాడు. చిన్న వయసు డాక్టరు, వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. ఎవరు రానిచ్చారని కసిరాడు. పదేళ్ళు దాటిన ఫిల్ములు తీసేయొచ్చని రూలు ఉందన్నాడు. ఎవరూ అడక్కుండానే, ఇందులో దాచేదేమీ లేదన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. ఆవిడ మొగుడి ఫిల్ము సంచీలో వేసుకోబోయింది. అది కంపెనీ ఆస్తి, అక్కడ పెట్టమన్నాడు.

"కొండ కడుపులోది మీ ఆస్తే అన్నారు, సరే అనుకున్నాం," అంది ఆవిడ. "మా ఆయన రొమ్ములోది కూడా మీ ఆస్తేనా?"

సూపరింటెండెంటు వాచ్‌మన్‌ను పిలిచాడు. వాచ్‌మన్ తండ్రిది కూడా ఆ అరల్లోనే ఉంది, వాడికి తెలీదు. అత్తా ఇచ్చెయ్యండి, నా ఉద్యోగం పోతుందని మెల్లగా అన్నాడు. ముప్ఫై రెండేళ్ళు ఆ ఆస్పత్రిలో ఇచ్చెయ్యమంటే ఇచ్చేసి, రాయమంటే రాసి అలవాటైన చెయ్యి. ఇచ్చేసింది. బయటికొచ్చాక తన చేతిని తానే నరుక్కోవాలన్నంత ఒళ్ళు మండింది ఆవిడకు.

కొడుకు మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగి వచ్చాడు. అన్నం ముందు కూర్చోగానే సంగతంతా చెప్పి, మనుషుల్ని పోగుచేస్తానంది. వాడు తలెత్తకుండానే వద్దన్నాడు. గని మూస్తున్నారు, తన లెక్క తేల్చే కాగితాల మీద ఇంకా సంతకాలు కాలేదు, ఈ మూడు నెలలు నోరు మూసుకుని ఉండమన్నాడు. ఎప్పుడో పోయినవాళ్ళ ఫోటోలతో ఇప్పుడేం పని అన్నాడు. నాన్నకు క్షయ, ఊరందరికీ తెలిసిందే కదా అన్నాడు.

"క్షయ కాదురా."

"డాక్టరు రాశాడు కదా."

"డాక్టరు చెప్పాడు. రాసింది నేను."

ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది వాడికి చెప్పింది. ఫిల్ము కడిగి లైటు పెట్టె మీద పెట్టగానే ఏమిటో ఆవిడకు తెలిసిపోయేది. అప్పటి పెద్ద డాక్టరుకూ తెలుసు. కఫం పరీక్ష చేస్తే క్షయ లేదని వచ్చేది. అయినా ఆయన క్షయ అనేవాడు, ఆవిడ రాసేది. దుమ్మని రాస్తే జబ్బు గనిది అవుతుంది, గనే చూసుకోవాలి. క్షయని రాస్తే జబ్బు మనిషిది అవుతుంది, చీటీ ఇచ్చి ఇంటికి పంపేయొచ్చు. మొగుడి ఫిల్ము వచ్చిన రోజు మొదటిసారి ఆవిడ కలం ఆగింది. పెద్ద డాక్టరు కోప్పడలేదు. తలుపు వేసి, నెమ్మదిగా, నీ ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, రోగంతో ఉన్న మొగుణ్ణీ ఆరేళ్ళ పిల్లాణ్ణీ వేసుకుని ఈ అడవిలో ఎక్కడికి పోతావని అడిగాడు. ఆవిడ రాసింది. ఆ సాయంత్రం ఫోటోలో ఏం కనబడిందని మొగుడు అడిగితే, కొంచెం నెమ్ము ఉందంది.

కొడుకు చెయ్యి కంచంలో ఆగింది.

క్షయ అంటే అంటుజబ్బు. వెనక గదిలో వేరే మంచం, వేరే కంచం, వేరే గ్లాసు. మొగుడు మంచమ్మీద, పిల్లాడు కిటికీ బయట. నాన్న దగ్గరికి పోకూడదని వాడికి నేర్పింది ఆవిడే. ఒక రోజు వాడు ఆవిడ చూడకుండా లోపలికి దూరి మంచమెక్కి తండ్రి పక్కన పడుకున్నాడు. ఆవిడ జబ్బ పట్టుకుని బయటికి ఈడ్చి, వీపు మీద వాతలు తేలేలా కొట్టింది.

"కొట్టావు. నాకు గుర్తుంది," అన్నాడు కొడుకు.

"కొట్టాను."

"అంటదని తెలిసే కొట్టావా?"

"తెలిసే కొట్టాను. ఫోటోలు తీసే మనిషి తన కొడుకునే భయం లేకుండా పంపిస్తోందంటే, ఇది క్షయ కాదని ఊరంతా పట్టేస్తుందని కొట్టాను."

వాడు లేచాడు. చెయ్యి కడుక్కోలేదు. ఎండు మెతుకుల చేత్తోనే గొడుగైనా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయాడు. కోడలు కంచం తీసింది. అత్త వైపు చూడకుండా లోపలికి పట్టుకెళ్ళింది. దానికంటే నాలుగు తిట్లు తిన్నా బాగుండేదనిపించింది అత్తకు.

మర్నాడు పొద్దున ఆవిడ ఒక్కతే బయల్దేరింది. మొదట కుట్టుమిషనావిడ ఇంటికి వెళ్ళింది. భర్తా ఇద్దరు అన్నదమ్ములూ ఆ జబ్బుతోనే పోయిన మనిషి ఆమె. అత్త చెప్పేది చెబుతుంటే మిషను ఆడుతూనే ఉంది. సగంలో ఆగింది. కాసేపు ఆమె సూది వైపే చూసింది.

"మా ఆయన పోయే రోజు నీళ్ళడిగితే, గుమ్మం బయటే నిలబడి కర్రతో గ్లాసు లోపలికి తోశాను. అందుకోలేకపోయాడు. ఒలికిపోయాయి. మళ్ళీ తోయడానికి భయమేసింది నాకు," అంది. "నువ్వు రోజూ మా గుమ్మం ముందు నుంచే డ్యూటీకి వెళ్ళేదానివి వదినా."

అత్త తల దించుకోలేదు. దించుకుంటే తేలిగ్గా బయటపడినట్టు అవుతుందనిపించింది. అవును, ముందు నుంచే వెళ్ళాను అంది. కుట్టుమిషనావిడ లేచి చెంప మీద కొడుతుందనుకుంది. ఆమె కత్తెర పక్కన పెట్టి, చెప్పులేసుకుంది.

"నీ పక్కన నడవను, నీ వెనకా నడవను. నేను ముందు నడుస్తాను. దారిలో ప్రతి ఇంటికీ నువ్వే చెప్పు, నీ నోటితోనే."

చెప్పింది. నాలుగు వీధులు, ముప్ఫై ఇళ్ళు. ఒకావిడ తలుపు మొహాన వేసింది. ఒకావిడ ఏడ్చింది. ఒక ముసలామె విన్నదంతా విని, మా వాడు పిల్లను ఎత్తుకుంటానని బతిమాలాడమ్మా, నేను ఇవ్వలేదు అని అదే మాట పదిసార్లు అంది. ఇంటింటికీ చెప్పేకొద్దీ అత్త మాటలు తగ్గాయి, కోపం పెరిగింది. కంపెనీవాళ్ళు కాజేసింది తగరం ఒక్కటే అనుకుంది ఇన్నాళ్ళూ. చచ్చేవాళ్ళ పక్కన మనుషుల్లేకుండా చేశారు. ఇప్పుడు ఆ చావుల మీద మెరుస్తున్నదాన్ని గీక్కుపోవడానికి వచ్చారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్ట వెలిగించుకోవడానికి నిప్పడిగినట్టుంది.

ఆస్పత్రి చేరేసరికి నలభై మంది దాకా అయ్యారు. వెనక గేటు దగ్గర లారీ నిలబడి ఉంది. సగం సంచులు ఎక్కించేశారు. ఫిల్ముల గది అరలు ఖాళీ. సూపరింటెండెంటు మెట్ల మీదికొచ్చి, ఏదైనా ఉంటే అర్జీ పెట్టుకోండమ్మా అన్నాడు. నూరేళ్ళుగా పెట్టుకున్నాం, ఇక చోటు లేదని కుట్టుమిషనావిడ అంది. లారీ డ్రైవరు తనకు తెలీదని, కంట్రాక్టరునడగమని తప్పుకున్నాడు. కంట్రాక్టరు తన చేతిలో రసీదు ఉందని చూపించాడు. ఆడవాళ్ళు లారీ ముందు బురదలో కూర్చున్నారు.

అప్పుడు కొడుకు వచ్చాడు. ఇంకో ఏడుగురు టిప్పరు డ్రైవర్లు వెంట ఉన్నారు. అందరూ షిఫ్టు బట్టల్లోనే ఉన్నారు, నిన్నటి నుంచి ఎవరూ ఇంటికి పోయినట్టు లేదు. వాడు తల్లి వైపు చూడలేదు. లారీ ఎక్కి మొదటి సంచి భుజానికెత్తుకుని దించాడు. రెండోది దించాడు. పోలీసులొస్తే ఉద్యోగాలుండవని సూపరింటెండెంటు అరిచాడు.

"మూడు నెలల తర్వాత ఎలాగూ ఉండవు కదా సార్," అన్నాడు కొడుకు, సంచి కింద పెడుతూ.

వాచ్‌మన్ కాసేపు అటూ ఇటూ చూసి, లాఠీ గోడకానించి, తనూ ఒక సంచి పట్టుకున్నాడు. కంట్రాక్టరు బతకనేర్చినవాడు. ఆడవాళ్ళనీ బురదనీ ఆకాశాన్నీ చూసుకుని, రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గంటలో లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

సంచులన్నీ కుట్టుమిషనావిడ ఇంట్లో కుమ్మరించారు. కవర్లు పోయినా ప్రతి ఫిల్ము మూలా నంబరు అచ్చయి ఉంటుంది. నంబర్ల పాత రిజిస్టరు అత్త దగ్గరే ఉంది, రిటైరయిన రోజు పాత చీరలో చుట్టి తెచ్చుకుంది. ఎందుకు తెచ్చుకుందో అప్పట్లో ఆవిడకే తెలీదు. రెండు రోజులు కూర్చుని సరిచూశారు. చరిత్ర రాసే ఆయన వచ్చి నేల మీద కూర్చుని, ఆవిడ చెబుతుంటే జాబితా రాశాడు, వీటిని పట్నంలో చూడాల్సినవాళ్ళ చేతికి చేరుస్తానని మాటిచ్చాడు. ఆ వారమే కంపెనీ ఆయన్ని పనిలోంచి తీసేసింది.

అన్నీ అయ్యాక లెక్కకు ఆరు సంచులు తక్కువొచ్చాయి. లారీ ఆపడానికి ముందు రోజు మధ్యాహ్నం, ఆవిడ కొడుకుతో మాట్లాడుతున్న వేళ, ఒక చిన్న బండిలో ఏరు దాటించేశారని తేలింది. మొగుడి ఫిల్ము అందులో పోయింది. కొడుకు గుమ్మంలో నిలబడి, ఆ రెండు రోజుల్లో మొదటిసారి ఆవిడతో మాట్లాడాడు.

"నాన్నది?"

"లేదు. చేతికొచ్చింది, తిరిగి ఇచ్చేశాను."

వాడు తలుపు చెక్క మీద పిడికిలితో ఒక్కటి గుద్ది వెళ్ళిపోయాడు.

సభ జరిగింది. పుస్తకం విడుదలైంది, నున్నటి కాగితం, మంచి అట్ట. ఆస్పత్రి భాగంలో అలుపెరగని యుద్ధం అలాగే ఉంది, రాసినాయన పేరు మాత్రం లేదు. ఆయన మాటకు కట్టుబడ్డాడు. జాబితానూ ఫిల్ములనూ పట్నం తీసుకెళ్ళి, కార్మికుల జబ్బులు తేల్చే వైద్య మండలికి అప్పగించాడు. అక్కడి డాక్టర్లు ఎనిమిది నెలలు చూశారు. చూడదగ్గ స్థితిలో ఉన్న ఆరువందల పదకొండింటిలో నాలుగువందల ముప్ఫై ఎనిమిది దుమ్ము జబ్బేనని రాసిచ్చారు.

ఆ కాగితాలు పట్టుకుని ఆడవాళ్ళు పరిహారానికి దావా వేశారు. విచారణ రోజుకు గని మూతపడి నెలలైంది. గుంతలన్నీ నీళ్ళతో నిండాయి. డ్రిల్లుకు చాలని నీళ్ళే. కంపెనీ తరఫున పట్నం నుంచి ఒక లాయరు వచ్చాడు. అత్తను నిలబెట్టి, చింపగా మిగిలిన కవర్లలో ఒకటి చూపించి, ఈ అక్షరాలు ఎవరివని అడిగాడు. నావేనంది. రాసింది నిజమా అబద్ధమా అన్నాడు. అబద్ధమంది. అయితే అబద్ధాలు రాయడం మీకు అలవాటన్నమాట, అన్నాడు చుట్టూ చూసి నవ్వుతూ.

"అలవాటు చేశారు బాబూ," అంది ఆవిడ. "రాయమన్న డాక్టరు పోయాడు. రాయించిన గని మేనేజరు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. దొరికింది నేనొక్కదాన్నే. శిక్ష వేయాలంటే వేయండి, కాదనను. కానీ అయ్యా, కవరు మీద నా రాత చదవకండి. లోపలి ఫోటో చూడండి. దానికి అబద్ధం చెప్పడం ఎవరూ నేర్పలేదు."

విచారణాధికారి ఫిల్ములు తెప్పించుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, ఒక్కోటీ ఎత్తి చూశాడు. లాయరు కాగితాలు సర్దుకున్నాడు.

తిరుగు బస్సులో కొడుకు వచ్చి ఆవిడ పక్క సీట్లో కూర్చున్నాడు. ఏడాదిగా అలా కూర్చోలేదు. ఇప్పుడు వాడు వేరే ఊళ్ళో సిమెంటు లారీ నడుపుతున్నాడు, విచారణ కోసమని సెలవు పెట్టుకొచ్చాడు. ఏటి వంతెన దగ్గర బస్సు ఆగినప్పుడు, ఆ రోజు నన్ను ఈడ్చుకెళ్ళాక నాన్న ఏమన్నాడని అడిగాడు.

ఆవిడకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పగలిగే అబద్ధాలు మంచివే చాలా ఉన్నాయి.

"వాణ్ణి కొట్టకు, కావాలంటే నన్ను కొట్టు అన్నాడు. లేవబోయి దగ్గు వచ్చి మంచమ్మీంచి జారాడు. నేను వినబడనట్టు నిన్ను కొడుతూనే ఉన్నాను."

వాడు తల తిప్పి కిటికీలోంచి చూశాడు. బస్సు కదిలింది. నీ మీద కోపం పోలేదమ్మా అన్నాడు, చాలాసేపటికి. పోనక్కర్లేదంది ఆవిడ. పోగొట్టుకోమని అడిగే మొహం తనకు లేదంది. నీ కోపంలో నా వాటా నాకు రావాల్సిందే, మిగతాది మాత్రం కంపెనీవాళ్ళకు చేరే దాకా పారేసుకోకు అంది.

తీర్పు ఆ నాలుగువందల ముప్ఫై ఎనిమిది మంది కుటుంబాలకు అనుకూలంగా వచ్చింది. కంపెనీ పై కోర్టుకు వెళ్ళింది. అక్కడ వాయిదాల మీద వాయిదాలు. అత్త మొగుడి పేరు ఏ జాబితాలోనూ లేదు, ఫిల్ము లేదు కాబట్టి. అయినా ప్రతి వాయిదాకూ వెళ్తుంది. కుట్టుమిషనావిడ కూడా వెళ్తుంది, బస్సులో రెండు సీట్లు ముందు కూర్చుంటుంది. ఈ మధ్య ఒకసారి, ఎవరో తన పక్కన కూర్చోబోతుంటే ఆ సీటు వదినకు ఉంచానని చెప్పి పంపేసిందట. అత్త వెళ్ళి కూర్చుంది. దారంతా ఇద్దరూ కలిసి ఆ లాయర్ని తిట్టుకున్నారు.